పారిస్ వార్త, కొండల్లో వాన: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

2015 నవంబరు 13, శుక్రవారం రాత్రి పారిస్‌లో ఫుట్‌బాల్ స్టేడియం బయట, పదో, పదకొండో వార్డుల్లోని కేఫ్‌ల ముందు, బతాక్లాన్ సంగీత మందిరంలో జరిగిన ఉగ్రవాద దాడుల్లో 130 మంది చనిపోయారు. వారిలో 90 మంది ఆ సంగీత మందిరానికి పాట వినడానికి వచ్చినవారే. అదే వారాంతంలో ఇంగ్లండ్ ఉత్తర భాగాన ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ కొండలకు సెలవు మీద వెళ్లిన బ్రిటన్‌లోని మన పాఠకులు ఎంతోమంది ఉన్నారని ఈ రెండు నెలల్లో, అంటే 2016 జనవరి దాకా, వచ్చిన ఉత్తరాలను బట్టి తెలుస్తోంది. ఒక పక్క ఆ వార్త, మరో పక్క తెరిపి లేని వాన, మధ్యలో ఎప్పుడో బుక్ చేసుకున్న సెలవు. అందరూ దాదాపు ఒకే బాధను వేరువేరు మాటల్లో రాశారు కాబట్టి ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: రెండు కుటుంబాలం కలిసి శుక్రవారం సాయంత్రం బారోడేల్ లోయకు చేరుకున్నాం. అక్కడ ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. శనివారం పొద్దున టిఫిన్ దగ్గర ఇంటి యజమానురాలు చెబితే గానీ పారిస్ సంగతి తెలియలేదు. కాసేపు ఎవరికీ ముద్ద దిగలేదు. అయినా పిల్లలు రెయిన్‌కోట్లు తొడుక్కుని గుమ్మం దగ్గర నిలబడితే కాదనలేక కాజిల్ క్రాగ్ అనే చిన్న కొండ ఎక్కాం. దారంతా వానే. మా అబ్బాయి బురదలో మోకాలిదాకా దిగబడిపోతే అందరం పగలబడి నవ్వాం. పైన తీసుకున్న ఫొటోను ఆ సాయంత్రం ఫేస్‌బుక్‌లో పెట్టాను. నాకు వదిన వరస అయ్యే ఒకావిడ "అక్కడ మనుషులు పిట్టల్లా రాలిపోతుంటే మీకు కొండలూ నవ్వులూ కావలసి వచ్చాయా" అని అందరూ చూసేలా రాశారు. వెంటనే ఫొటో తీసేశాను. ఇప్పుడు ఆ సెలవు గుర్తుకొస్తే సిగ్గుగా ఉంటోంది. మేం చేసింది తప్పంటారా?
— ఒక పాఠకురాలు, లీడ్స్

జవాబు: తప్పు కాదమ్మా. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ ఉత్తరం నిండా ఉన్నది ఒక నవ్వు గురించిన పశ్చాత్తాపం. పసివాడు బురదలో కూరుకుపోతే నవ్వు రావడం సహజం. ఆ నవ్వు వల్ల పారిస్‌లో ఏ ఒక్కరి దుఃఖానికీ అవమానం జరగలేదు. మీరు గదిలో కూర్చుని రోజంతా టీవీ చూసి ఉంటే వారి బరువు ఆవగింజంతైనా తగ్గేది కాదు, మీ పిల్లలకు మాత్రం దిగులు మిగిలేది.

మీరు ఎక్కిన ఆ కొండ సంగతే తీసుకోండి. కాజిల్ క్రాగ్ శిఖరం మీద రాతికి బిగించిన పలక ఒకటి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి తిరిగి రాని బారోడేల్ మనుషుల స్మృతి చిహ్నం అది. మీరు వెళ్లింది యుద్ధమృతుల స్మారక ఆదివారం గడిచిన వారం రోజుల లోపే కాబట్టి దాని కింద ఎర్రని పాపీ పూల దండ కూడా ఉండి ఉంటుంది, వానలో గమనించారో లేదో. ఆ ప్రాంతంలో ఇది ఒక్క కొండకు సంబంధించిన విషయం కాదు. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే ఎత్తైన స్కాఫెల్ పైక్ శిఖరాన్ని, 978 మీటర్ల ఆ రాళ్ల గుట్టను, యుద్ధంలో పోయిన ఆ జిల్లా వారి గుర్తుగా 1919లో దాని యజమాని నేషనల్ ట్రస్ట్ అనే పరిరక్షణ సంస్థకు ఇచ్చేశారు. గ్రేట్ గేబుల్‌నూ, చుట్టూ ఉన్న ఎత్తైన కొండనేలనూ అక్కడి పర్వతారోహకుల సంఘం 1923లో కొని, యుద్ధంలో చనిపోయిన తమ సభ్యుల పేరిట అందరికీ ధారాదత్తం చేసింది. మరుసటి ఏడు జూన్‌లో శిఖరం మీద కంచు ఫలకాన్ని ఆవిష్కరించింది. ఇప్పటికీ ఏటా నవంబరులో ఆ ఆదివారం నాడు, వానైనా మంచైనా, వందలమంది 899 మీటర్లు ఎక్కి, పదకొండు గంటలకు ఆ ఫలకం చుట్టూ రెండు నిమిషాలు మౌనంగా నిలబడతారు. ఆ తరువాత ఫ్లాస్కులు తెరిచి టీ తాగుతారు, కబుర్లు చెప్పుకుంటారు, నవ్వుతూ దిగుతారు. పోయినవారి కోసం ఒక గుడిని కాకుండా నడిచే దారిని స్మారకంగా ఎంచుకున్న మనుషుల మధ్యకు మీరు వెళ్లారు. అక్కడ నడవడం అమర్యాద ఎలా అవుతుంది?

ఇక ఫొటో విషయం. నడక వేరు, ఫొటో వేరు. మీ నడక మీది, మీ పిల్లలది. ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫొటో మాత్రం ఇతరుల ముందుకు, వారు ఏ స్థితిలో ఉన్నారో మనకు తెలియకుండానే వెళ్లి నిలబడుతుంది. పారిస్‌లో ఉన్న బంధువు ఫోన్ ఎత్తడం లేదని కంగారు పడుతున్న స్నేహితురాలు ఆ శనివారం మీ జాబితాలో ఒకరైనా ఉండి ఉండవచ్చు. అందుకని ఒకటి రెండు రోజులు ఆగి పెట్టి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. అంతకుమించి అందులో నేరమేమీ లేదు. మీ వదినగారు ఆ మాట అనదలుచుకుంటే ఫోన్ చేసి మీతో అనవలసింది. పదిమందిలో నిలదీయడం మృతుల పట్ల గౌరవం కిందికి రాదు. ఆ ఫొటో మళ్లీ పెట్టుకోండి.

ప్రశ్న: హెల్వెలిన్ కొండ ఎక్కుతూ దారి పొడుగునా నేనూ నా మిత్రుడూ వాదించుకున్నాం. వాడు తన ప్రొఫైల్ ఫొటో మీద ఫ్రాన్స్ జెండా రంగులు వేసుకున్నాడు. పారిస్‌కు ఒక్కరోజు ముందు లెబనాన్ రాజధాని బేరూత్‌లో జరిగిన దాడికి ఈ జెండాలూ ఈ కన్నీళ్లూ ఏమయ్యాయని నేను అడిగాను. తెల్లవాళ్ల ప్రాణాలకే విలువా అన్నాను. వాడు నొచ్చుకుని ఆ తరువాత రెండు గంటలు మాట్లాడలేదు. నా ప్రశ్నలో తప్పుందా?
— ఒక పాఠకుడు, మాంచెస్టర్

జవాబు: ప్రశ్నలో తప్పు లేదు, అడిగిన సమయంలోనూ అడిగిన తీరులోనూ ఉంది. నవంబరు 12, గురువారం సాయంత్రం బేరూత్‌లోని బుర్జ్ అల్ బరాజ్నే అనే జనసమ్మర్దమైన పేటలో రెండు ఆత్మాహుతి దాడులు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. అంతకు ముందు అక్టోబరు 31న ఈజిప్టులోని సినాయి మీదుగా వెళుతున్న రష్యా విమానం కూలి 224 మంది ప్రాణాలు పోయాయి. అదీ ఉగ్రవాదుల పనేనని తేలింది. ఈ మూడింటినీ చేయించామని చెప్పుకున్నది ఒకే ముఠా. అయినా ప్రపంచం చూపించిన దుఃఖం ఒక్క రీతిగా లేదు. ఆపదలో ఉన్నవారు క్షేమమని తెలపడానికి ఫేస్‌బుక్ పెట్టిన ఏర్పాటు, అంతవరకు ప్రకృతి వైపరీత్యాలకే వాడినది, పారిస్‌కు తెరుచుకుంది, ముందురోజు బేరూత్‌కు తెరుచుకోలేదు. బేరూత్ వాసులు నొచ్చుకుంటూ ఆ సంగతి రాశారు. ఆ సంస్థ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ విమర్శ సరైనదేనని ఒప్పుకుని, ఇకమీదట ఇలాంటి ఘటనలకు కూడా దాన్ని వాడతామన్నారు. కాబట్టి మీరు ఎత్తిచూపిన వ్యత్యాసం ఊహాజనితం కాదు.

అయితే దీనికంతటికీ మీ మిత్రుడు బాధ్యుడు కాదు. మనిషి తాను ఊహించుకోగలిగిన చోటి దుఃఖాన్ని ముందుగా అనుభవిస్తాడు. పారిస్‌కు విహారానికి వెళ్లినవారు, ఆ కేఫ్‌ల ముందు కుర్చీల్లో కూర్చున్నవారు, లండన్ నుంచి రైలెక్కితే రెండు గంటల పైచిలుకు ప్రయాణంలో అక్కడ దిగగలిగినవారు ఈ దేశంలో లక్షల్లో ఉన్నారు. ఆ దగ్గరితనం వల్ల కలిగిన బాధను అబద్ధమనలేము. అది అక్కడితో ఆగిపోతే అప్పుడు లోపం. ఒకచోటి మృతులను మరోచోటి మృతులతో తూకం వేసి, దుఃఖపడుతున్నవాడిని ఓడించడానికి వాడుకోవడం అంతకంటే పెద్ద లోపమని నాకు గట్టిగా అనిపిస్తుంది. మిమ్మల్ని మీరు ఒక మాట అడిగి చూసుకోండి: గురువారం రాత్రి, పారిస్ ఇంకా జరగకముందు, బేరూత్ వార్త చదివి ఎవరితోనైనా మాట్లాడారా? లేకపోతే బేరూత్ మీకు దుఃఖంగా కాక వాదనగా మాత్రమే అందిందన్నమాట.

ఆ రోజు బేరూత్‌లో కూతురితో కలిసి బయటికి వచ్చిన ఒక తండ్రి, మొదటి బాంబు పేలిన తరువాత, రెండో బాంబు మోసుకొస్తున్న వాడి మీదికి దూకి వాడిని కింద పడేశాడు. తానూ చనిపోయాడు. వాడు జనం మధ్యకు చేరి ఉంటే ఇంకా ఎందరు పోయేవారో. మీ మిత్రుడికి జెండా గురించి కాకుండా ఈ మనిషి గురించి చెప్పి ఉంటే ఆ రెండు గంటల మౌనం ఉండేది కాదు. ఇప్పుడైనా చెప్పండి.

ప్రశ్న: మేం నలుగురం పీజీ విద్యార్థులం. కెస్విక్ దగ్గర ఒక హాస్టల్‌లో దిగాం. శనివారం వాన వల్ల త్వరగా దిగివచ్చి అందరూ వాడుకునే వంటగదిలో బట్టలు ఆరబెట్టుకుంటున్నాం. రేడియోలో పారిస్ వార్తలే వస్తున్నాయి. ఒక పెద్దాయన మమ్మల్ని కాసేపు చూసి "మీరు ఎక్కడివాళ్లు?" అని అడిగాడు. ఆ గొంతులో కోపం ఉందో, ఊరికే అడిగాడో ఇప్పటికీ తెలియదు. నేను గబుక్కున "ఇండియా నుంచి వచ్చాం, మేం హిందువులం" అనేశాను. మాలో ఒకడు ముస్లిం, హైస్కూలు నుంచి నాకు స్నేహితుడు. వాడు ఏమీ అనలేదు. తడి సాక్సులు మడత పెట్టుకుని గదికి వెళ్లిపోయాడు. మర్నాడు కొండకు రాలేదు, కాలు నొప్పి అన్నాడు. నేను మా అందరి క్షేమం కోసమే అన్నానని నచ్చజెప్పుకుంటున్నాను గానీ మనసు ఒప్పుకోవడం లేదు.
— పేరు రాయవద్దన్న పాఠకుడు, బర్మింగ్‌హామ్

జవాబు: మీ మనసు ఒప్పుకోకపోవడమే సరైనది. వచ్చిన ఉత్తరాలన్నింటిలో నన్ను ఎక్కువసేపు పట్టి నిలిపింది మీదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు భయం గురించి. పరాయి దేశంలో, గోధుమరంగు చర్మంతో, అలాంటి వార్త మోగుతున్న గదిలో నలుగురి చూపులూ మన మీద పడితే భయం వేస్తుంది. ఆ భయానికి కారణం లేకపోలేదు. 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగిన నాలుగో రోజునే అమెరికాలోని అరిజోనాలో పెట్రోలు బంకు నడుపుకొంటున్న ఒక సిక్కును, అతని తలపాగా చూసి, ఒకడు కాల్చి చంపాడు. పారిస్ దాడుల మర్నాడే కెనడాలో ఉంటున్న మరో సిక్కు యువకుడి పాత సెల్ఫీని ఎవరో కంప్యూటర్‌లో మార్చేశారు. అద్దం ముందు అతని చేతిలో ఉన్న ఐప్యాడ్‌ను ఖురాన్‌గా చేసి, ఒంటికి బాంబుల కోటు తొడిగి, దాడి చేసినవారిలో ఒకడంటూ వదిలారు. స్పెయిన్‌లో ఒక పత్రిక దాన్ని మొదటి పేజీలోనే అచ్చువేసింది. ఆ యువకుడు పారిస్ ముఖం కూడా ఎరగడు.

ఇప్పుడు మీరు అన్న మాటకు వద్దాం. ఆ మాట మిమ్మల్ని కాపాడుతుందని మీరు అనుకున్నారు. పైన చెప్పిన ఇద్దరూ ముస్లింలు కారు. ద్వేషంతో ఉన్నవాడు ముందుగా మతం కనుక్కుని, తేడా పాటించి, ఆపైన చేయి ఎత్తడు. కాబట్టి ఆ మాటకు రక్షణ శక్తి లేదు. ఒకవేళ ఉన్నా సరే, అనదగిన మాట కాదు. "నేను వాళ్లలో ఒకడిని కాను" అని చెప్పినప్పుడు, వాళ్లలో ఒకడైతే అనుమానించడం న్యాయమేనని అంగీకరించినట్టే అయింది. వంటగదిలో మీ పక్కనే నిలబడి, మీతో పాటే ఆ వానలో తడిసి వచ్చిన మీ మిత్రుడి మీదికి ఆ అనుమానాన్నంతా మీరు తోసేశారు. అదీ మరీ ఘోరంగా, అతని మతాన్ని కూడా మీరే "మేం" అనే మాటలో చెరిపేసి. ఆ క్షణంలో అతనికి రెండే దారులు మిగిలాయి: నోరు విప్పి మిమ్మల్ని అబద్ధీకుడిని చేయడం, లేదా నోరు మూసుకుని తనను తాను దాచుకోవడం. అతను మీ మర్యాద కాపాడాడు.

పారిస్‌లో ఆ రాత్రి చనిపోయినవారిలో ముస్లింలూ ఉన్నారు, కేఫ్ బయట పుట్టినరోజు చేసుకుంటూ తూటాలకు బలైనవారిలో కూడా. బేరూత్‌లో పోయినవారిలో అత్యధికులు ముస్లింలే. మీ మిత్రుడికి ఆ వార్త మీకంటే తక్కువగా తగిలిందని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. ఎక్కువగానే తగిలి ఉంటుంది. మృతుల కోసం బాధపడాలి, దానితో పాటు తాను ఆ హంతకుల వాడిని కానని అడుగడుగునా నిరూపించుకోవాలి. రెండో పని మీకు ఎవరూ పెట్టలేదు.

చేయవలసింది ఏమిటంటే, అతని దగ్గరికి వెళ్లి చెప్పడం. మెసేజ్‌లో కాదు, ఎదురుగా కూర్చుని. "మన క్షేమం కోసం అన్నాను" అనే వివరణ తీసుకుపోకండి. అది నిజమే అయినా ఇక్కడ పనికిరాదు. "ఆ రోజు వంటగదిలో నేను అన్న మాట తప్పు, నిన్ను ఒంటరిని చేశాను" అని అక్కడితో ఆపండి. అతను కోప్పడితే పడనివ్వండి. తేలిగ్గా తీసుకుని "అదేం లేదులేరా" అంటే వెంటనే ఊపిరి పీల్చుకుని మాట మార్చేయకండి. వసంతంలో అతను వస్తానంటే, ఆ రోజు అతను ఎక్కలేకపోయిన కొండకు మీరే తోడు వెళ్లండి.

మరోసారి ఎవరైనా "ఎక్కడివాళ్లు" అని అడిగితే ఊరి పేరు చెబితే చాలు: "బర్మింగ్‌హామ్ నుంచి వచ్చాం". ఆ పెద్దాయన ఊరికే అడిగి ఉంటే అక్కడితో కబుర్లు మొదలవుతాయి. కొండలకు వచ్చిన ఇంగ్లీషువారు సాధారణంగా వాన గురించి, బూట్ల గురించి గంటలకొద్దీ మాట్లాడతారు. దురుద్దేశంతో అడిగి ఉంటే హాస్టల్ నిర్వాహకులకు చెప్పండి. బెదిరించినా, చేయి చేసుకోబోయినా అది ఈ దేశ చట్టం ప్రకారం విద్వేష నేరం. తక్షణ ప్రమాదం ఉంటే 999కి, ప్రమాదం దాటిపోయాక అయితే 101కి ఫోన్ చేసి పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. ఆ నంబర్లు మీ నలుగురి కోసమూ ఉన్నాయి.

ప్రశ్న: ఆదివారం హెల్వెలిన్ మీద నడుస్తూ పది నిమిషాలకోసారి ఫోన్ తీసి పారిస్ వార్తలు చూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నానికి బ్యాటరీ అయిపోయింది, మ్యాప్ కూడా అందులోనే ఉంది. పొగమంచు దిగింది. వేరే బృందం వెంట పడి చీకటి పడ్డాక కిందికి చేరాను. వార్త చూడకుండా ఎలా ఉండాలి?
— ఒక పాఠకుడు, లివర్‌పూల్

జవాబు: కొండ ఎక్కేముందు వార్త ఒకసారి చదవండి, దిగివచ్చాక మళ్లీ చదవండి. మధ్యలో ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, నీరు చొరని సంచిలో వేసి, ఒంటికి దగ్గరగా లోపలి జేబులో ఉంచండి. చలికి బ్యాటరీ ఇంకా త్వరగా దిగిపోతుంది. ఆ ఆరు గంటల్లో మీరు చూడకపోతే ఆగిపోయేదేదీ పారిస్‌లో లేదు. పైగా తొలి గంటల్లో తిరిగే వార్తల్లో సగం నిలబడవు. 1889 తరువాత మొదటిసారిగా ఈఫిల్ టవర్ దీపాలు ఆర్పేశారని ఆ రాత్రి వేలమంది పంచుకున్నారు గదా, ఆ దీపాలు అప్పట్లో మామూలుగానే ప్రతి రాత్రీ ఒంటిగంటకు ఆరిపోయేవి.

వానాకాలపు కొండ మీద ధ్యాస దారి మీదే ఉండాలి. నవంబరు మధ్యలో అక్కడ సాయంత్రం నాలుగు దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: ఐదు కిలోమీటర్ల నడకకు ఒక గంట, 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. వానకూ, గాలికీ, ఆగి టీ తాగడానికీ దానిపైన ఇంకొంత కలుపుకోండి. కాగితం మ్యాపు, దిక్సూచి, తలకు పెట్టుకునే టార్చి, విజిల్ తప్పనిసరిగా ఉండాలి. నూలు బట్టలు, జీన్స్ వద్దు. తడిస్తే ఒంట్లో వేడిని పీల్చేస్తాయి. బారోడేల్‌లోని సీత్‌వెయిట్ ఇంగ్లండ్‌లో జనం నివసించే చోట్లలో అత్యధిక వాన పడే ఊరు, ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైనే. ఆ లోయ ఎగువన ఉన్న హోనిస్టర్ కనుమలో మొన్న 2015 డిసెంబరు 5న డెస్మండ్ తుఫానులో 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్లు కురిసి ఈ దేశపు రికార్డునే తిరగరాసింది. పొద్దున దాటిన పిల్లవాగు మధ్యాహ్నానికి మనిషిని ఈడ్చుకుపోతుంది. పొంగిన వాగును దాటే సాహసం చేయకుండా ఎంత దూరమైనా చుట్టు తిరిగి వంతెన మీదుగా రండి.

దారి తప్పితే 999కి ఫోన్ చేసి ముందు పోలీసులను, తరువాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. "రిజిస్టర్" అనే ఇంగ్లీషు మాటను ముందుగానే 999కి మెసేజ్ చేసి నమోదు చేసుకుంటే, మాట వినబడని చోటునుంచి మెసేజ్ ద్వారానైనా సాయం కోరవచ్చు. ఫోన్ పనిచేయకపోతే నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదండి. ఆ వానలో, ఆ చీకట్లో మీ కోసం కొండ ఎక్కి వచ్చేవారు జీతం లేని స్వచ్ఛంద సేవకులు. ఒక్క పౌండు కూడా తీసుకోరు. మీ అజాగ్రత్త వల్ల వారి ప్రాణం మీదికి రాకూడదు కదా.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల పాప కొండ సగం ఎక్కాక ఆగి "ఇక్కడికి కూడా వాళ్లు వస్తారా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక మాట తప్పించాను.
— ఒక తల్లి, షెఫీల్డ్

జవాబు: మాట తప్పిస్తే పిల్లల భయం పెరుగుతుంది. "ఎప్పటికీ ఎక్కడికీ రారు" అని ఒట్టు పెట్టవద్దు, పెద్దయ్యాక అది నిలవదు. "ఇలాంటివి చాలా అరుదుగా జరుగుతాయి, జరగకుండా చూడడానికి ఎంతోమంది పని చేస్తున్నారు, ఇప్పుడు నీ పక్కన మేమున్నాం" అంటే అది నిజమూ అవుతుంది, ధైర్యమూ అవుతుంది. ఆ రాత్రి పారిస్‌లో ఇళ్లకు చేరలేకపోయినవారి కోసం ముక్కూ మొహం తెలియనివారు "తలుపు తెరిచే ఉంది" అని ప్రకటించి లోపలికి పిలిచారని కూడా చెప్పండి. ఇంట్లో టీవీ మాత్రం కట్టేయండి. అవే దృశ్యాలు పదేపదే చూపిస్తుంటే, ప్రతిసారీ కొత్తగా ఇంకో దాడి జరుగుతోందని ఆ వయసు పిల్లలు అనుకుంటారు.

ప్రశ్న: ఫిబ్రవరిలో పారిస్ వెళ్లడానికి యూరోస్టార్ రైలు టికెట్లు కొన్నాం. ఇప్పుడు మా అత్తగారూ మామగారూ వద్దంటున్నారు. అది మానేసి లేక్ డిస్ట్రిక్ట్ కొండలకు పోదామంటే, అక్కడ వరదలట కదా అని మావారు అంటున్నారు. ఎటు వెళ్లమంటారు?
— ఒక పాఠకురాలు, రెడింగ్

జవాబు: రెండూ దెబ్బతిన్న ప్రాంతాలే, రెండూ అతిథుల కోసం ఎదురు చూస్తున్న ప్రాంతాలే. ఫ్రాన్స్ పార్లమెంటు అత్యవసర పరిస్థితిని మూడు నెలలు, 2016 ఫిబ్రవరి చివరిదాకా, పొడిగించింది కాబట్టి స్టేషన్లలో, మ్యూజియంల దగ్గర సోదాలు ఉంటాయి, క్యూలు నెమ్మదిగా కదులుతాయి. ఊరేగింపులను నిషేధించారు. నవంబరు చివర వాతావరణ సదస్సుకు ముందు జరగవలసిన పాదయాత్ర ఆగిపోతే, నడవడానికి వీలులేని జనం రిపబ్లిక్ కూడలిలో వేల జతల బూట్లూ చెప్పులూ వరసలుగా పెట్టి వెళ్లారు. అదే నగరంలో దాడులు జరిగిన కొద్ది రోజులకే మనుషులు పంతం పట్టినట్టు మళ్లీ కేఫ్‌ల బయట కుర్చీల్లో కూర్చున్నారు. నా మాట అడిగితే, పారిస్ మానుకోవద్దు. పెద్దవారి ఆందోళనను కొట్టిపారేయకుండా, రోజూ ఫలానా వేళకు ఫోన్ చేస్తామని మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకోండి. డబ్బు సంగతి కూడా చూసుకోండి: విదేశాంగ శాఖ వెళ్లవద్దని సలహా ఇస్తే తప్ప, భయం వేసి మానుకున్నామంటే మామూలుగా ప్రయాణ బీమా సొమ్ము రాదు.

కొండలకు ఈస్టర్ తరువాత వెళ్లండి. డెస్మండ్ తుఫానులో పూలీ బ్రిడ్జ్ అనే ఊరికి ఆ పేరు తెచ్చిన వంతెనే, రెండున్నర శతాబ్దాల నాటిది, కొట్టుకుపోయింది. గ్రాస్మియర్ నుంచి కెస్విక్ వెళ్లే ఏ591 రోడ్డు కోతకు గురై మూతపడింది. గ్లెన్‌రిడింగ్‌లో హోటళ్లలోకీ దుకాణాల్లోకీ బురద చేరింది. బాగు చేసుకుంటున్న ఆ చిన్న హోటళ్లవారికి మీరు ఇప్పుడే గది బుక్ చేసి అడ్వాన్స్ పంపితే అది నిజమైన సాయమవుతుంది. ఏ కాలిబాటలు మూసి ఉన్నాయో, ఏ చిన్న వంతెనలు పోయాయో నేషనల్ పార్క్ వారు ప్రకటిస్తుంటారు. బయలుదేరే ముందురోజు అదీ, కొండల వాతావరణ సూచనా రెండూ చూసుకుని, వాన ఎక్కువగా ఉందంటే శిఖరాలు వదిలి డెర్వెంట్‌వాటర్ చెరువు ఒడ్డున నడవండి.